పిల్లల మధ్యాహ్నపు క్యారేజి

మధ్యాహ్నపు గంట మ్రోగినంతనే పాఠశాల వరండాలో వరుసగా క్యారేజీల మూతలు తీయు చప్పుడు వినబడును. ఇరువది సంవత్సరములుగా ఆ చప్పుడు వినుచున్న నాకు ఒక్కొక్క మూత క్రింద ఒక్కొక్క యిల్లు కనబడుచుండును. తల్లి తెల్లవాఱుజామున లేవగలిగినదో లేదో, ఇంట నెవరికైన జబ్బుగా నున్నదో, నెలాఖరు దినములు వచ్చినవో ఆ డబ్బాయే చెప్పును. చదువును గూర్చియు, క్రమశిక్షణను గూర్చియు ఈ సంచికలో పెద్దలు వ్రాయుదురు. నేను మాత్రము ఆ డబ్బాను గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలచితిని.

జపాను దేశస్థులు దీనిని ఒక కళగా వృద్ధి చేసిరి. పెట్టెలో సర్దిన భోజనమునకు వారి భాషలో బెంటో యని పేరు. పెట్టె చిన్నది, లోపల అఱలుండును. ఒక అఱలో అన్నము, ఒక దానిలో చేపయో గ్రుడ్డో, మిగిలిన వానిలో కూరలు సర్దుదురు. తెల్లని అన్నము నడుమ ఉప్పులో ఊరవేసిన ఎఱ్ఱని ఉమె కాయ నొకదానిని పెట్టినచో అది వారి జెండావలె నుండును గనుక, దానికి సూర్యబింబపు పెట్టె యని పేరు పెట్టిరి. ఇటీవలి కాలమున అచ్చటి తల్లులు అన్నముతో ఎలుగుబంటి ముఖములును, క్యారెట్టుతో పువ్వులును, సముద్రపు నాచు రేకులతో కన్నులును చేసి పిల్లలను నవ్వించుచున్నారు. అందులకు కావలసిన చిన్న చిన్న అచ్చులు అంగళ్లలో అమ్ముదురు.

ఏడవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ఇట్టి పెట్టెల బొమ్మలు సెల్‌ఫోనులో చూచి, "అమ్మా, మనమూ ఆ అచ్చులు కొందామా?" అని యడిగెను. కొనుటకు ముందు మన యింట నేమేమి కలవో చూతమని, అటకమీది పాత పెట్టె దింపించితిని. అందులో మా అత్తగారి ఇత్తడి జంతికల గొట్టమును, దాని బిళ్లలును, గవ్వల చెక్కయు, కజ్జికాయల అచ్చును, క్రిస్మసు పండుగకు మాత్రమే బయటికి వచ్చు గులాబీ పువ్వుల అచ్చును బయల్పడెను. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి గ్రామము ఇత్తడి, కంచు పనికి పేరొందినది. తన గొట్టము బుడితి వారి చేతిపని యని మా అత్తగారు నేటికిని గర్వముగా చెప్పుకొనును. పిండిని నక్షత్రముగా మార్చు బిళ్ల యున్నది; శంఖపు గీతలు దిద్దు చెక్క యున్నది; అర్ధచంద్రముగా మడచు అచ్చున్నది; పువ్వుగా విచ్చుకొనజేయు అచ్చున్నది. ఇంక కొనవలసిన దేమున్నది?

ఈ అచ్చులు వినోదము కొఱకే యైనచో నేనీ వ్యాసము వ్రాయకపోదును. ఆ దినములలోనే ఆఱవ తరగతిలోని యొక బాలుడు క్యారేజి మూతను పూర్తిగా తీయక, సందునుండి త్రుంచుకొని తినుచుండుట చూచితిని. లోపల నున్నది చోడి రొట్టె. ఇతర జిల్లాలవారు రాగులని పిలుచు ధాన్యమునే మా ప్రాంతమున చోళ్లందురు. ప్రక్కవారి తెల్లని అన్నము నడుమ తన నల్లని రొట్టెను చూపుటకు ఆ బిడ్డ సిగ్గుపడెను. రెండు దినములు గడచిన పిమ్మట అతడు క్యారేజియే తేలేదు. కారణ మడుగగా, "ఆకలి లేదు టీచరుగారూ" అనెను. పదునొకండేండ్ల బాలునికి మధ్యాహ్నము ఒంటిగంటకు ఆకలి లేకుండుట యెట్లు?

చోడిలో సిగ్గుపడదగిన దేమున్నది? నూఱు గ్రాముల చోడిలో ఇంచుమించు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు, అనగా కాల్షియము, ఉండును. అంతే తూకము గల తెల్లని బియ్యములో అది పది మిల్లీగ్రాములకు మించదు. ఎముకలు పెరుగు వయసు బిడ్డకు ఈ భేదము స్వల్పము కాదు. ఐక్యరాజ్య సమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణములలో చోడి బిస్కత్తులను అందమైన పొట్లములలో పెట్టి ఎక్కువ వెలకు అమ్ముచున్నారు. కొన్నవాడు దానిని చూపించుకొని తినును. పండించిన యింటి బిడ్డ దాచుకొని తినును.

ఆ మాట మా యింట చెప్పి, ఇకమీదట మా పిల్లల క్యారేజీలోను వారమునకు రెండు మాఱులు చోడి పెట్టెదనంటిని. మా అత్తగారికి కష్టము తోచెను. ఆమె టెక్కలి దగ్గఱి పల్లెలో చోడి అంబలితో పెరిగిన మనిషి. "మేము లేక తిన్నామమ్మా. ఉన్నప్పుడు కూడా పిల్లలకి ఇదేటి?" అనెను. ఆ మాట త్రోసివేయదగినది కాదు. మనకు పోషకాహారముగా కనబడునది ఆమెకు కఱవుకాలపు జ్ఞాపకముగా కనబడును. నేను కాల్షియము లెక్కలు చెప్పలేదు. ఆమె గొట్టమును శుభ్రముగా తోమి ఆమె చేతికే యిచ్చి, "అత్తా, పిండి నేను కలిపెదను, మీరు త్రిప్పుడు" అంటిని.

రెండు పాళ్లు చోడి పిండి, ఒక పాలు బియ్యపు పిండి, ఒక పాలు శనగపిండి తీసికొంటిని. చోడికి గోధుమకు వలె జిగురు లేదు. ఒంటరిగా నున్నచో విఱిగిపోవును గనుక ఈ తోడు కావలయును. నువ్వులు, వాము, ఉప్పు చేర్చి, కాచిన నూనె గరిటెడు పోసి, గోరువెచ్చని నీటితో కలిపితిని. ఆమె నక్షత్రపు బిళ్ల వేసి త్రిప్పినది. మొదటి జంతిక చల్లారినంతనే కొఱికి చూచి, "ఇది చోడిలాగ నేదే!" అనెను. పిల్లలకంటె ముందుగా మా అత్తగారే మాఱెను.

తరువాతి శుక్రవారము చేతిపనుల పీరియడులో గవ్వల చెక్కను తరగతికి తీసికొనిపోతిని. చోడి పిండిని, గోధుమ పిండిని సమముగా కలిపిన ముద్ద నొకదానిని కూడ పట్టుకొనిపోతిని. చేతులు కడుగుకొని పిల్లలందఱును వరుసగా వచ్చి, గోలీకాయంత ఉండను చెక్కపై బొటనవ్రేలితో నొక్కి లాగిరి. కొందఱివి చిరిగిపోయెను, కొందఱివి మందముగా నుండెను. ఇంట రొట్టె తట్టుట కలవాటుపడిన ఆ బాలుని వ్రేలిక్రింద మాత్రము గవ్వ పలుచగా చుట్టుకొని చక్కగా వచ్చెను. తక్కినవారు అతని చుట్టు చేరి, ఎట్లు చేసితివని యడిగిరి. ఆ సాయంకాలము వానిని ఇంటివద్ద వేయించి, అనకాపల్లి బెల్లపు పాకము పట్టి, శనివారము పంచితిని. గవ్వపైని గీతలు అందము కొఱకే కాదు. పాకము జారిపోక ఆ గాళ్లలో నిలుచును. సోమవారము అతడు క్యారేజి తెచ్చుకొనెను. మూత తీసి ప్రక్కన పెట్టి తినెను.

ఇట్టి పనులకు ఖర్చు కాని, గొప్ప పరికరములు కాని అక్కఱలేదు. ఉడికిన గ్రుడ్డును వేడిగా నుండగనే పెంకు తీసి, మడచిన గట్టి అట్టముక్కలో నుంచి, పైన నొక సన్నని నున్నని పుల్లను నిలువున నొక్కి, రెండు చివరలను రబ్బరు బందులతో బిగించి పది నిమిషములు చల్లార్చవలెను. పిదప అడ్డముగా కోసినచో రెండు ముక్కలును హృదయాకారమున నుండును. వేడిలో మెత్తగా నున్న తెల్లసొన చల్లారినప్పుడు ఆ రూపమునే నిలుపుకొనును. భీమాళి మామిడి తాండ్రను రేకుగా పఱచి, సీసా మూతతో నొక్కినచో గుండ్రని సూర్యబింబములు వచ్చును. వాని నడుమ పలాస జీడిపప్పు నొకదానిని పెట్టిన చాలును, పండుగ వచ్చినట్లుండును. గులాబీ పువ్వులకు మాత్రము ఓర్పు కావలయును. అచ్చును ముందుగా నూనెలో బాగుగా కాచి, ఆ వేడితోనే పిండిలో ముక్కాలు వంతు మాత్రము ముంచవలెను. చల్లని అచ్చునకు పిండి అంటదు. పై అంచు మునిగినచో పువ్వు అచ్చును వదలదు. నూనె దగ్గఱ పెద్దవారే యుండవలెను.

క్యారేజి కట్టువారికి కొన్ని నియమములు చెప్పెదను. మొదటిది, పొగలు గ్రక్కు అన్నముపై మూత పెట్టరాదు. ఆవిరి నీటి బొట్లుగా మాఱి క్రిందికి కాఱును. ఆ తేమవలన అన్నము త్వరగా పాడగును. వెడల్పు పళ్లెములో కొంచెము సేపు ఆఱనిచ్చి పిదప మూయవలెను. మన సముద్రతీరపు ఉక్కలో ఇది మఱింత ముఖ్యము. రెండవది, పులుపు మేలు చేయును. జపానువారి ఉమె కాయ చేయు పనినే మన పులిహోరలోని చింతపండు చేయును. కొబ్బరి పచ్చడి మధ్యాహ్నమునకు పులిసిపోవును గనుక ఎండకాలమున కరివేపాకు పొడియో, నువ్వుల పొడియో పెట్టుట మంచిది.

మూడవ నియమమును నేను శిక్షణ కళాశాలలో నేర్చితిని. తెలిసిన దానినుండి తెలియని దానికి పోవలెనని మా ఆచార్యులు పదే పదే చెప్పెడివారు. అది పాఠమునకే కాదు, పళ్లెమునకును చెల్లును. బిడ్డ ఎఱిగిన పప్పన్నము ప్రక్కన ఎఱుగని కూరను రెండు ముక్కలు పెట్టుము. ముక్కలు పువ్వువలె నుండనిమ్ము. నాలుగవది, దినమునకొక రూపము చాలును. అన్నిటిని బొమ్మలు చేయబూనినచో తల్లి నిద్ర చెడును. పిండి రాత్రియే కలిపి పెట్టుకొనవచ్చును. మా యింట తొమ్మిదవ తరగతి చదువు అబ్బాయి గ్రుడ్డు నొక్కును. మావారు పొడులు దంచుదురు. వంటయిల్లు ఆడువారి సొత్తు మాత్రమే కాదు.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. అందమైన డబ్బా ప్రక్కవాని డబ్బాను చిన్నబుచ్చరాదు. జపానులో 1889లో త్సురుఓకా పట్టణమున ఒక చిన్న పాఠశాలవారు, ఇంటినుండి పెట్టె తెచ్చుకొనలేని పేద పిల్లలకు అన్నపు ముద్దలును, కాల్చిన ఉప్పుచేపయు, ఊరగాయయు పెట్టనారంభించిరి. అచ్చటి బడి భోజనమునకు అదియే మొదలని చెప్పుదురు. 1954లో బడి భోజనమునకు చట్టమే చేసిరి. బెంటో పుట్టిన దేశమే డబ్బా లేని బిడ్డను మఱువలేదు. మన రాష్ట్రమున 2003 నుండి మధ్యాహ్న భోజన పథకము నడచుచున్నది. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుటలో ఆయుష్షు గడపిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో దానికి పెట్టిరి. 2023 మార్చిలో ఆ భోజనమున రాగి జావను కూడ చేర్చిరి. చోడి బడిలోనికి గౌరవముగా ప్రవేశించెను.

అయిదువేలమందికి ఆహారము పెట్టిన సువార్త కథలో ప్రభువు చేతికి వచ్చినదియు ఒక బాలుని డబ్బాయే. అందులో నున్నవి గోధుమ రొట్టెలు కావు, బీదలు తిను యవల రొట్టెలు. ఆ బాలుడు తన రొట్టెలకు సిగ్గుపడి దాచుకొనలేదు.

తల్లిదండ్రులారా, మీ అటకమీది అచ్చులను దింపి తోమించుడు. మీ బిడ్డ డబ్బాలో మీ నేలలో పండిన దానిని పెట్టుడు; దానిని ఒక్క పువ్వుగానో, ఒక్క గవ్వగానో దిద్దుడు. విద్యార్థులారా, మీ క్యారేజి కట్టు పనిలో మీరును చేయి వేయుడు. తన చేత చేసికొన్న దానిని ఎవడును దాచుకొని తినడు. మీ ప్రక్కవాడు మూత సగమే తెఱచినచో ఆ డబ్బాలోనికి తొంగిచూడకుడు. మీ డబ్బాను అతని వైపు జరుపుడు.