నిప్పుకొండకు పొరుగువారు

అగ్నిపర్వతమును చూడవలెనని బయలుదేరువాడు తన కోరిక యేదియో ముందుగా తేల్చుకొనుట మంచిది. అది పేలవలెనని కన్నులకు ఆశ. పేలరాదని ప్రాణమునకు ఆశ. ఈ రెండింటికిని నడుమ, పొగ కంటబడి, కాలిక్రింద నేల కొంచెము గుడగుడలాడి, సాయంకాలమునకు క్షేమముగా బసకు చేరినచో అదే పదివేలని సరిపెట్టుకొను నావంటి వాని తృప్తికొఱకే తూర్పు జావాలోని బ్రోమో పర్వతము పుట్టినదేమో యనిపించును. దాని పొగ ఇంచుమించు ఎడతెగనిది. కోపము మాత్రము అప్పుడప్పుడు వచ్చునది. 2004లో ఇద్దరు యాత్రికులను పొట్టనబెట్టుకొనినది. 2010 చివరను, మరల 2015 చివరను మొదలుపెట్టి నెలలతరబడి చుట్టుప్రక్కల పొలములమీద బూడిద కురిపించినది. తక్కిన కాలమున గుఱ్ఱములవారికిని జీపులవారికిని వేడివేడి మొక్కజొన్నకంకులు అమ్మువారికిని అన్నము పెట్టుచు నుండును.

సముద్రపుటొడ్డునగల ప్రోబోలింగో పట్టణము మామిడిపండ్లకు పేరొందినది. అచ్చటి ఉక్కకు చెమటతో తడిసిన చొక్కాతోనే బండియెక్కి, మలుపులు తిరిగి తిరిగి చెమొరో లవాంగ్ అను గ్రామమున దిగునప్పటికి, భూమధ్యరేఖకు ఎనిమిది డిగ్రీల దూరమున, ఉష్ణమండలపు నడిబొడ్డున, నాకు దంతములు కటకటలాడినవి. వానలు లేని మాసములలో తెల్లవారుజామున అచ్చటి యిసుకమీద మంచు పేరుకొనుటయు కలదట. ఆ మిట్టలలో నివసించు తెంగ్గెర్ జనులు సరుంగును నడుమునకు గాక భుజములమీదుగా కప్పుకొని మెడకడ ముడివైచుకొందురు. నిలువుగోడలవంటి వాలులమీద బంగాళదుంపలు, క్యాబేజీ, ఉల్లికాడలు పండింతురు. ఆ చేలలో కలుపుతీయువారిని క్రిందినుండి చూచినచో వీరు జాఱిపడకుండుటయే వ్యవసాయమునకంటె గొప్పవిద్య యనిపించును.

పెనాంజకాన్ శిఖరమునుండి సూర్యోదయమును చూచుట ఇచ్చటి ఆచారము. సూర్యునికంటె ముందుగా వందలకొలది జీపులు అచ్చట ఉదయించుచున్నవి గనుక ఆ సంబరమును గూర్చి నేను విస్తరింపను. వెలుగు వచ్చిన పిమ్మట కనబడినది మాత్రము చెప్పదగినది: ఎదుట, ఎన్నడో పూర్వయుగమున కుప్పకూలిన మహాపర్వతపు అంచులు ప్రాకారమువలె చుట్టుకొనిన, సుమారు పది కిలోమీటర్ల వెడల్పుగల గుంట, దాని నడుమ మడతలుపడిన పచ్చని బాతోక్, దాని ప్రక్కన నోరు తెఱచికొని పొగవిడుచు బ్రోమో, వీనికన్నిటికిని వెనుక, జావాద్వీపమున మిక్కిలి యున్నతమైన 3,676 మీటర్ల సెమేరు. సెమేరు తనంత తాను ఉండియుండి యొక పొగముద్ద వెడలించి మరల సద్దుమణగును. దూరమునుండి చూచువానికి అది వినోదము. 2021 డిసెంబరులో అదే కొండ విరుచుకుపడి యేబదిమందికి పైగా ప్రాణములు తీసినది.

దానికి సుమేరువుతో గల సంబంధమును ప్రాచీన జావా భాషలోని తంతు పాంగేలరాన్ అను గ్రంథము చెప్పుచున్నది. జావాద్వీపము నీటిపై నిలుకడలేక ఊగులాడుచుండగా దేవతలు దానిని స్థిరపఱుపనెంచి, ఒకరు కూర్మమై మోయగా, ఒకరు సర్పమై చుట్టుకొని పట్టగా, జంబూద్వీపమునుండి మేరువును పెకలించి తెచ్చి ద్వీపపు పడమటికొనను నిలిపిరట. ఆ బరువునకు తూర్పుకొన పైకి లేచెనట. అంతట దానిని తూర్పునకు మోసికొనిపోవునప్పుడు త్రోవపొడవునను రాలిన పెళ్లలే తక్కిన కొండలైనవట. మన క్షీరసాగరమథనపు సామగ్రియంతయు ఇచ్చట కూలిపనికి వినియోగమైనది. కొండను మొదట తప్పుచోట దింపి, మరల ఎత్తుకొనిపోవు దేవతలయందు నాకు మిక్కిలి ఆప్యాయము కలిగినదని చెప్పుటకు సంకోచింపను.

భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పు కథ ఇంతకంటె తక్కువ వింతయేమియు గాదు. జావాకు దక్షిణమున సముద్రములో నొక అగాధపరిఖ కలదు. హిందూమహాసముద్రపు అడుగుపలక అచ్చట వంగి, ద్వీపముక్రిందికి ఏటేట కొన్ని అంగుళములచొప్పున దూఱుచు, తన శిలలలో ఇంకిన నీటిని వెంటగొనిపోవును. చాలలోతున ఆ నీరు వెలువడి పైనున్న వేడిశిలను చేరగనే, అంతవఱకు కరగక నిలిచిన ఆ శిల కరగనారంభించును. అట్లు పుట్టిన ద్రవము చిక్కనై, వాయువులను కడుపున దాచుకొని పైకిలేచి, దారి దొరకినచో పొగయై, దొరకనిచో విస్ఫోటమై వెలువడును. అగ్నినుండి జలము పుట్టెనని మన పెద్దలు చెప్పిన క్రమము జావాక్రింద తలక్రిందులైనదన్నమాట.

బ్రోమో సముద్రమట్టమునకు 2,329 మీటర్ల ఎత్తుగలదైనను, గుంటలోని యిసుకనుండి చూచువానికి రెండువందల పైచిలుకు మీటర్ల బూడిదదిబ్బ మాత్రమే. ఆ యిసుకమైదానమును గూర్చియు కథ గలదు. రొరో అంతెంగ్ అను రాకొమారితను కోరిన బలశాలి యొకడు, ఆమె అడిగినట్లు ఒక్కరాత్రిలో సముద్రము త్రవ్వుటకు కొబ్బరిచిప్పతో పూనుకొనెననియు, పని ముగియవచ్చుట చూచి భయపడిన ఆమె వేళగానివేళ దంపుళ్లు మొదలుపెట్టించి కోళ్లను కూయించెననియు, వాడు మోసపోయి కోపముతో విసరిన చిప్పయే బాతోక్ అయినదనియు చెప్పుదురు. గుఱ్ఱముమీద ఆ నీరులేని సముద్రమును దాటి, పోతెన్ దేవాలయమును కుడియెడమలు మఱచి చుట్టివచ్చి, సుమారు 250 మెట్లెక్కితిని.

పైన గట్టు కొలది అడుగుల వెడల్పు మాత్రమే. ఆవలివైపున నేల లేదు. కమ్మరి కొలిమితిత్తి ఎడతెగక ఊదుచున్నట్లు లోపలినుండి వచ్చు రొద, చెవులకంటె ముందు ఱొమ్మునకు తగులును. గాలి మనవైపు తిరిగినప్పుడు గంధకపు ఘాటు గొంతును పట్టుకొనును, కన్నీరు కారును, నోరు మూసియున్నను పండ్లమధ్య ఏదో కరకరలాడును. కళ్లజోడుమీద బూసిన బూడిదను ఉత్తరీయముతో తుడువబోగా, వెంటవచ్చిన గుఱ్ఱపువాడు నా చేయిపట్టుకొని ఆపి, తన సీసాలోని నీరు అద్దములమీద పోసెను. అది కాలిన కట్టెబూడిదవంటిది గాదు. సూదిమొనకంటె సన్నగా పగిలిన రాయి, గాజు. తుడిచినచో గీతలు పడును.

నేను పోయినది కసద మాసపు పున్నమి. రొరో అంతెంగ్, ఆమె పెనిమిటి జొకొ సెగెర్ సంతానములేక ఈ కొండను వేడుకొనగా ఇరువదియైదుగురు బిడ్డలు కలిగిరనియు, చివరివానిని తనకిమ్మని కొండ ముందే అడిగినదనియు, ఆ బిడ్డ కెసుమ అగ్నిలో చేరి, ఏటేట తనకు కానుకలు తెండని లోపలినుండి పలికెననియు తెంగ్గెర్ జనుల విశ్వాసము. కనుక రాత్రియంతయు పోతెన్‌లో మంత్రములు జరుగును; కొత్తగా పురోహితత్వమునకు వచ్చువారికి మంత్రపరీక్షయు అచ్చటనే. తెల్లవారకముందే ఒంగ్కెక్ అను వెదురుకావళ్లలో దుంపలు, క్యాబేజీలు, పూలు, కోళ్లు మోసికొని జనులు గట్టెక్కుదురు. కొందఱు మేకనే భుజమున వేసికొని వత్తురు. ఎక్కి, కన్నులు మూసికొని, లోపలికి విసరుదురు.

లోపలి వాలుమీద, ఆ పొగలోనే, పొడవైన కఱ్ఱలకు వలలు కట్టుకొని మఱికొందఱు నిలిచియుందురు. విసరిన కోడి గాలిలో ఱెక్కలు కొట్టుకొనుచుండగనే వలలో పడును. నాణెములకు, నోట్లకు, క్యాబేజీలకు పెనుగులాట. నా ప్రక్కనున్న విదేశీయుడొకడు దీనిని చూచి నవ్వెను. నాకు నవ్వు రాలేదు. చేయి వదలినంతనే ఇచ్చినవాని పని తీరినది. ఆ కోడి అటుపిమ్మట ఎవరి పొయ్యికి చేరినదో విచారించుట దాతకును పట్టలేదు, కొండకును పట్టినట్లు లేదు. విసరినవాడే దిగువకు చూచి, వలవానికి తప్పిపోయిన క్యాబేజీ ఎటు దొరలినదో వ్రేలుపెట్టి చూపించుట కన్నులార చూచితిని. దేవునికిని పేదవానికిని ఒకే విసరుతో పెట్టి, తగవులేకుండ గడుపుకొను ఈ లౌక్యము, భయభక్తులను గూర్చి గ్రంథములు వ్రాయువారికంటె ఆ కొండను వీరు చాల దగ్గఱగా ఎఱుగుదురని చెప్పుచున్నది.

దిగివచ్చునప్పుడు చేనిగట్టున కాఫీ త్రాగుచున్న యొక ముదుసలి రైతుతో, జీపు నడపువాడు దుబాసీగా, మాటలు కలిసినవి. బూడిద పడిన యేడు ఆకుకూర మాడిపోవుననియు, దుంపలు నేలలోనే పోవుననియు, అప్పులు చేయవలసి వచ్చుననియు ఆతడు దాపఱికము లేకుండ చెప్పెను. తరువాతి యేండ్లలో అదే బూడిద నేలలో కలిసి పంటనిచ్చునని చెప్పుటకును మఱవలేదు. ఈ లెక్కలో లాభమెంతయని నేను అడుగగా, పొరుగువానితో లెక్కలు చూచుకొందురా యని ఎదురడిగెను. మీ దేశమున ఇట్టి కొండ గలదా యని పిదప ఆతని ప్రశ్న. అండమాను సముద్రమున బారెన్ అను ద్వీపములో ఒకటి కలదనియు, చాలకాలము నిద్రించి 1991లో మరల మేల్కొనినదనియు, అచ్చట మనుష్యులెవ్వరును నివసింపరనియు చెప్పితిని. ముదుసలి కాఫీకప్పు దింపి, ఆ కొండకు ఏటికొక క్యాబేజీయైనను వేయు దిక్కు లేదా యని అడిగెను. లేదంటిని. పాపమని ఆతడు నోరు చప్పరించి, బేరమునకు వచ్చి నిలిచిన లారీవానితో దుంపలధర మాటలాడుటకు లేచిపోయెను.