గుండును ఎంచేది తుపాకీయే

మధుర, కోయంబత్తూరు వెళ్ళిన తెలుగువారు తిరుమల నాయకుని మహలు, జి.డి. నాయుడు గారి ప్రదర్శనశాల చూసి వస్తారు. ఈసారి నేను వాటితో పాటు తుపాకీ గుళ్ళ సంగతి కూడా తెలుసుకొని వచ్చాను.

మధుర నాయక రాజ్యానికి ఆద్యుడైన విశ్వనాథ నాయకుడు 72 పాలెములు ఏర్పరచాడంటారు. తర్వాతి కాలపు పాలెగాళ్ళ సైనికులకు ప్రతి గుండూ చేతి కొలతే. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. మందు ఎక్కువైతే గొట్టానికి ముప్పు, తక్కువైతే గుండు దగ్గరే పడుతుంది.

నేడు లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అయినా ఎంపిక మిగిలే ఉంది. కోయంబత్తూరులో మా బంధువులమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పోటీ అదే.

గురిలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే! సీసపు పెల్లెట్లలో 4.49, 4.50, 4.51 మి.మీ. అని రకాలు. రైఫిల్‌ను కదలకుండా బిగించి, ఒక్కో రకం పదేసి కాల్చి, చిల్లులు ఎక్కడ దగ్గరగా పడ్డాయో చూస్తుంది. మాటంతా తెలుగే, లెక్క మాత్రం తమిళంలో!

"ఒకే కంపెనీ రైఫిళ్ళయినా రెండింటికీ ఒకే గుండు నప్పదు, పెదనాన్నా" అంది.

నప్పిన రకం దొరికాక, అదే బ్యాచి నంబరు డబ్బాలు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనాలి. బ్యాచి మారితే పరీక్ష మళ్ళీ మొదలు. మిల్లు ఉద్యోగి అయిన తండ్రికి అది భారమే. ఆ నెల ఇంట్లో కొత్త మిక్సీ వాయిదా పడింది.

పిల్లలకు రైఫిల్ కొనిపెట్టే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: ధర చూసి గుళ్ళు కొనకండి, కాల్చి చూసి కొనండి.