జోషాందా లాంటి కాఫీ

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నానని తెలిసినవాళ్ళంతా అడిగే మొదటి సవాల్ ఒకటే. "మరి బిర్యానీ ఎలా?"

బిర్యానీ ఆసాన్. నాలుగు ముద్దలు దిగేసరికి కడుపే "బస్" అంటుంది. ముష్కిల్ అంతా కాఫీతోనే.

నాకు చేసింది స్లీవ్ సర్జరీ. పోయిన బక్రీద్ తర్వాత విజయవాడలో చేయించుకున్నాను. కడుపులో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోనే పోతుంది. గట్టి ఖానా ఆ గొట్టంలో కాసేపు ఆగి, నిండిందని ఖబర్ పంపుతుంది. కాఫీ ఆగదు, జారిపోతుంది. చిక్కటి గేదెపాలు 100 మిల్లీలీటర్లంటే 100 కేలరీల దాకా, రెండు చెంచాల చక్కెర వేస్తే ఇంకో 30, 40. గుడివాడలో మా స్టాఫ్ రూములో రోజుకి నాలుగైదు కప్పులు మామూలు. అంటే ఒక పూట భోజనం కడుపుకి తెలియకుండానే లోపలికి పోతున్నట్టు. అంత ఖర్చు పెట్టి చేయించుకున్న ఆపరేషన్‌ని ఓడించడానికి బిర్యానీ దాకా అక్కర్లేదు.

మొదటి నెల కాఫీ పూర్తిగా బంద్. లోపలి కుట్లు మానాలి. పైగా కాఫీ యాసిడ్‌ని ఎగదోస్తుంది, స్లీవ్ వాళ్ళకి అసలే ఛాతీలో మంట. ఆ మొదటి మూడు రోజులూ కోసిన చోటుకన్నా కణతలు ఎక్కువ నొప్పెట్టాయి. నెల తర్వాత డాక్టరుగారు ఇజాజత్ ఇచ్చారు, షరతులతో. రోజుకి ఒక్కటి, చిన్న కప్పు. చక్కెర లేదు, వెన్న తీసిన పాలు. తిండికీ దానికీ అరగంట ఎడం. ఐరన్ గోళీకైతే రెండు గంటలు, ఎందుకంటే కాఫీ, చాయ్ రెండూ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మా ఇళ్ళల్లో గోళీని చాయ్‌తోనే మింగుతారు, అదో ఆదత్. ఆపరేషన్ లేనివాళ్ళు కూడా ఈ ఒక్కటి మానుకుంటే మంచిది.

సాయిబులంటే చాయ్ ఖాందాన్ అనుకుంటారు అందరూ. బందరు ఇనగుదురుపేటలో మా ఇంట్లో పొద్దున్నే కాఫీయే. అబ్బా దాన్ని మజాక్‌గా ఖహ్వా అనేవారు. యెమెన్‌లో సూఫీలు రాత్రంతా జిక్ర్‌లో మేలుకుని ఉండటానికి తాగారనీ, 1511లో మక్కాలో కొన్నాళ్ళు బంద్ చేయించారనీ చెప్పేవారు. బాబా బుడన్ అనే ఫకీరు మోఖా నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటారన్న కథ ఆయనకి మరీ ఇష్టం. కుతుబ్‌షాహీల కాలంలో మన బందరు రేవు నుంచి కూడా మోఖాకి బట్టల ఓడలు నడిచేవి కదా, ఆ ఫఖర్ కూడా కలిపేవారు. నిద్ర ఆపడానికి మొదలైన కాఫీ మన దివిసీమ దాకా వచ్చేసరికి మేమాన్‌దారీ అయిపోయింది. వద్దంటే ఇంటివాళ్ళకి నొప్పి.

అందుకే నాగాయలంకలో ఖాలా ఇంటికి వెళ్ళడం ఆరు నెలలు వాయిదా వేశాను.

1977 నవంబరు 19 ఉప్పెనకి ఖాలాకి పద్నాలుగేళ్ళు. అమ్మీ అప్పటికే నికా అయి బందరులో ఉంది. వాళ్ళ తమ్ముళ్ళిద్దరూ ఆ రాత్రి పోయారు. మూడోనాడు అవనిగడ్డలో ఎవరో ఖాలా చేతిలో వేడి కాఫీ గ్లాసు పెట్టారట. అందులో చక్కెర ఎంత ఉందో ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఆమె ఇంట్లో గ్లాసు అంచు దాకా నిండకుండా, తీపి లేకుండా కాఫీ ఇవ్వడమంటే వచ్చినవాళ్ళని బేఇజ్జత్ చేయడమే.

"సగమన్నా తాగవే."

"డాక్టరు మనా చేశారు ఖాలా."

"డాక్టరుకి నేను చెబుతాలే. ఎలా అయిపోయావో చూసుకున్నావా? మొహంలో నూర్ లేదు, ఎవరి నజర్ తగిలిందో ఏమో."

కేలరీల లెక్క చెబితే వినే మనిషి కాదు. గూట్లో ఉన్న పియాలీ చూపించి, నా కడుపు ఇప్పుడు ఇంతే అన్నాను.

"నిజంగానే కోసేశారా? మళ్ళీ పెరగదా?"

"పెరగదు."

"మరి ఆకలేస్తే?"

"ఆకలి పెద్దగా వేయడం లేదు ఖాలా."

చక్కెర వద్దన్నప్పుడు కోపం వచ్చింది గానీ, ఈ మాటకి ఆమె భయపడింది. నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. ఆకలి లేకపోవడం నాకు నేమత్‌లా ఉంది. ఆమెకి మాత్రం అది ఏదో పెద్ద బీమారీలా వినిపించింది. ఎవరి మాట సరైందో ఇప్పటికీ నేను చెప్పలేను.

తర్వాత లేచి వంటింట్లోకి పోయి, అదే పియాలీలో డికాక్షన్ పోసి, మీగడ తీసిన పాలు రెండు చెంచాలు కలిపింది. రుచి చూసి మొహం చిట్లించింది.

"ఇది కాఫీనా, జోషాందానా?"

బిస్మిల్లా అని తీసుకున్నాను. గుటక గుటకగా ఇరవై నిమిషాలు పట్టింది. అయిపోయేదాకా పక్కనే కూర్చుంది. నాకని ముందు కలిపిన పెద్ద గ్లాసు ఖాలూ చడీచప్పుడు లేకుండా తాగేశారు.

రంజాన్ దగ్గర పడింది. ఈ ఏడు రోజాలు వద్దన్నారు డాక్టరుగారు. నాలాంటివాళ్ళు ఒకేసారి గ్లాసుడు నీళ్ళు తాగలేరు, రోజంతా కొంచెం కొంచెంగా లీటరున్నర పట్టాలి. ఇఫ్తార్ నుంచి సెహ్రీ లోపల అంతా కుదరదు. బీమార్‌కి రుఖ్సత్ ఉంది, తర్వాత ఖజా చేసుకోవచ్చు. అయినా దిల్ ఒప్పుకోవడం లేదు. నిన్న ఫోన్‌లో ఖాలాతో అదే చెప్పి ఏడ్చాను.

"రోజా లేకపోతే ఏమైందే, ఇఫ్తార్‌కి రా. నీ జోషాందా పెడతా" అంది.