ఊపిరి చప్పుడు

మొదటిసారి విన్నప్పుడు ఇయర్‌ఫోన్స్ పాడైపోయాయనుకున్నా. ప్లే నొక్కి రెండు నిమిషాలు దాటినా పాట అనదగ్గది మొదలవదు. ఎక్కడో దూరంగా ట్రంపెట్, తీగల మీద సన్నటి మూలుగు, మళ్లీ నిశ్శబ్దం. "పాట ఎప్పుడొస్తుందిరా?" అన్నాడు రూమ్మేట్. అదే పాట అని నాకూ అప్పటికి తెలీదు.

టాక్ టాక్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1988లో విడుదల చేసిన 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' అది. రెండేళ్ల ముందు వచ్చిన 'ద కలర్ ఆఫ్ స్ప్రింగ్' బాగా అమ్ముడుపోయింది. కంపెనీ మరో హిట్ వస్తుందని ఎదురుచూసింది. గాయకుడు మార్క్ హాలిస్, నిర్మాత టిమ్ ఫ్రీజ్-గ్రీన్ మాత్రం లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో లైట్లు ఆర్పేసి నెలల తరబడి రికార్డు చేశారు. వచ్చిన వాద్యకారులను తోచినట్టు వాయించమన్నారు. గంటలకొద్దీ టేపుల్లోంచి చిన్న చిన్న ముక్కలు ఏరుకుని, మిగతాదంతా పక్కన పెట్టేశారు. చివరికి తేలినవి ఆరు పాటలు. అందులో మొదటి మూడూ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి.

నాకు ఎక్కువ నచ్చింది దీని రీఇష్యూల సంగతి. 1997లో సీడీ రీమాస్టర్ వచ్చింది. ఆ పనిలో అసలు రికార్డింగ్ ఇంజనీర్ ఫిల్ బ్రౌన్ కూడా ఉన్నాడు. 2012లో ఎల్పీ వచ్చింది, దాంతోపాటు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఆడియో ఉన్న డీవీడీ ఇచ్చారు. రీమాస్టర్ అంటే చాలాసార్లు వాల్యూమ్ పెంచి, చివర్లో నాలుగు బోనస్ పాటలు అతికించడమే కదా! ఆ 1997 సీడీలో ఆ ఆరు పాటలే ఉన్నాయి. మెల్లగా ఉన్నది మెల్లగానే ఉంది. అందుకే కొన్ని నిమిషాల తర్వాత డ్రమ్స్, గిటార్ ఒక్కసారిగా విరుచుకుపడితే గుండె ఝల్లుమంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన సెమిస్టర్‌లో మా ఫ్రెండ్ ఫ్లూట్ నేనే రికార్డు చేశా. నాయిస్ గేట్ పెట్టి ఊపిరి చప్పుడు కోసేశా. కంప్రెసర్‌తో మెల్లటి స్వరాన్నీ గట్టి స్వరాన్నీ ఒకే ఎత్తుకి లాగేశా. ఫోన్ స్పీకర్‌లో అదిరిపోయింది. వాడు రెండుసార్లు విని, "బాగుంది గానీ, ఇది నేను వాయించినట్టు లేదురా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. రాత్రంతా కూర్చున్నది నేను మరి.

హాలిస్ 1998లో ఒక్క సోలో ఆల్బమ్ చేసి సంగీతానికి దూరమైపోయాడు. 2019లో చనిపోయాడు. ఆయన వదిలేసిన ఖాళీలను రీమాస్టర్ చేసినవాళ్లు నింపలేదు. వాడు వదిలిన ఖాళీని నేను ఒక్క రాత్రిలో పూడ్చేశా.

మొన్న ఆ ఫైల్ మళ్లీ తెరిచా. గేట్ తీసేశా, కంప్రెసర్ తీసేశా. ఫ్యాన్ శబ్దం కాస్త వినిపిస్తోంది. రెండో చరణం ముందు వాడు ఊపిరి పీల్చుకోవడమూ వినిపిస్తోంది. వాడికి పంపి, కింద ఒక్క మాటే రాశా: "రీఇష్యూ."