లాభం, రెండు, మూడు...

రండి రండి, అలా అరుగు మీద కూర్చోండి. కాఫీ వస్తోంది. ఈలోగా మీకో సంగతి చెప్పాలి. పుస్తకం రాశానండీ. ఆఁ, నేనే. అలా చూడకండి. కవిత్వం కాదులెండి, కంగారు పడకండి. జేబులోంచి కాగితం తీసి వినిపించే బాపతు కాదిది. వ్యాపారం పుస్తకం. కిరాణా కొట్టతను లెక్కలు ఎలా రాసుకోవాలో చెప్పే పుస్తకం.

"ఏనాడూ గల్లాపెట్టె ముందు కూర్చోని మనిషి వ్యాపారం గురించి రాయడమేమిటి?" అని మీరు అడగబోతున్నారు. మా ఆవిడ ముందే అడిగేసింది. విజయవాడ వన్‌టౌన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. షావుకారుకి తన కొట్టు ఒక్కటే తెలుస్తుంది. లెక్కలు రాసేవాడికి పది కొట్ల గుట్టు తెలుస్తుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీయో, ఎవరు దసరాకి తీరుస్తానని సంక్రాంతికి కూడా తీర్చలేదో, అన్నీ ఇదిగో, ఈ బుర్రలో ఉన్నాయి. పేర్లు మాత్రం అడక్కండి. గుమాస్తా అన్నాక నోరు కట్టుకోవాలి.

అసలీ పిచ్చి నాతో మొదలైంది కాదు లెండి. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే ఆయన ఒక లావుపాటి లెక్కల పుస్తకం అచ్చేయించాడు. ఆయన షావుకారా? కాదు. క్రైస్తవ సన్యాసి. పైసా సంపాదించనని మొక్కుకున్న మనిషి! లియొనార్డో డావిన్చీకి లెక్కలు నేర్పినవాడు. ఆ పుస్తకంలో ఒక భాగమంతా వెనిస్ వర్తకులు పద్దులు ఎలా రాసుకునేవారో విప్పి చెప్పాడు. పండితుల లాటిన్‌లో కాదు, జనం మాట్లాడుకునే ఇటాలియన్‌లో. వర్తకుడి దగ్గర మూడు పుస్తకాలుండాలంటాడు. గబగబా గిలికేది ఒకటి, తేదీవారీగా ఎక్కించేది ఒకటి, పేరుపేరునా విడదీసేది ఒకటి. ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. చిత్తు పుస్తకం, చిట్టా, ఆవర్జా! మా గద్దె మీద ఉన్నవి అవేగా? ఇంకో తమాషా. మొదటి పుస్తకాల మీద సిలువ గుర్తు వేయమంటాడాయన. మనం కొత్త ఖాతా పుస్తకానికి పసుపు రాసి శ్రీకారం చుట్టమూ? వెనిస్ ఎక్కడ, మా వన్‌టౌన్ ఎక్కడ! ఏ ఊరి వర్తకుడికైనా దేవుడి సాక్షి సంతకం కావాలి.

మనవాళ్లలోనూ చూడండి. "విజయానికి ఐదు మెట్లు" ఎక్కించిన యండమూరి వీరేంద్రనాథ్ గారు చార్టర్డ్ అకౌంటెంటే. లెక్కల మనిషి చేతిలో కలం పెడితే ఇంతే, అంకెలతో ఆగడు.

సరే, కాఫీ తాగండి, చల్లారిపోతోంది. ఎక్కడున్నాం? ఆఁ, రాయడం. మొదటి అధ్యాయం మహా గంభీరంగా రాశాను. కాలేజీ కామర్సు పుస్తకాలు ముందేసుకుని మరీ. అది పట్టుకెళ్లి మా వీధి చివర కొట్టతని చేతిలో పెట్టాను. అతను కందిపప్పు పొట్లం కడుతూనే ఓ పేజీ చదివాడు.

"బాబాయ్, ఈ నిర్వహణ మూలధనం ఏంటి?"

"అదేరా, సరుకు తెచ్చి, అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ సరుకు తెచ్చేదాకా నీ చేతిలో ఆడే డబ్బు."

"రొటేషన్ అనొచ్చుగా!"

ఇంటికొచ్చి ఆ అధ్యాయం చింపేశాను. నిజం చెప్పొద్దూ, రెండు రోజులు కోపంగానే ఉంది. తర్వాత కూర్చుని మొత్తం అతని భాషలోకి దింపాను. నిర్వహణ మూలధనం రొటేషన్ అయింది. అమ్ముడుపోని నిల్వ "కదలని సరుకు" అయింది. గుడ్‌విల్ "కొట్టుకున్న పేరు" అయింది. అంకణా మాత్రం వదల్లేదు. ఎంత చక్కని మాటండీ! ట్రయల్ బ్యాలెన్స్‌కి అంత ముద్దొచ్చే పేరు ఇంకే భాషలో ఉంది? కొట్టతను అన్నాడు, "వదలకపోతే వదలకపోయావు, పక్కన ట్రయల్ బ్యాలెన్స్ అని కూడా రాయి." రాశాను. ఏం చేస్తాను?

ఇప్పుడసలు కథ. మీ నాయనమ్మో, తాతయ్యో కుంచంతో వడ్లు కొలవడం చూశారా? ఒకటి అనేవారా? ఛ! నోట్లోంచి ఒకటి అనే మాటే రాదు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, తర్వాత? ఏడు అంటే ఏడుపొస్తుంది కదా, అందుకని "ఆరున్నొక్కటి". మా గోదాములో హమాలీలు బస్తాలు లెక్కపెట్టినా ఇదే పాట. నాకు సరదా పుట్టింది. పుస్తకంలో అధ్యాయాలకీ అలాగే పెడితే? మొదటి అధ్యాయం పేరు "లాభం". ఏడోది "ఆరున్నొక్కటి". ఏడో అధ్యాయం అరువు గురించి. చూశారా ఎంత కుదిరిందో! అరువు ఇచ్చిన కొట్టతను ఎప్పటికైనా ఏడవాల్సిందే, కనీసం పేరులోనైనా ఏడుపు లేకుండా చూశాను.

డీటీపీ సెంటర్లో ఓ అమ్మాయి. చురుకైన పిల్ల. రెండు రోజుల్లో ప్రూఫు చేతిలో పెట్టింది. తీసి చూస్తే మొదటి అధ్యాయం: 1. ఏడో అధ్యాయం: 7. గుండె గుభేలుమంది.

"అమ్మా, లాభం ఏదమ్మా?"

"అక్కడ ఒకటికి బదులు లాభం అని పడింది సార్, సరిచేశాను. ఏడోదానికి ఆరు పక్కన ఇంకేదో అతుక్కుపోయింది, అది కూడా తీసేశాను."

మీరే చెప్పండి, ఆ పిల్లనేమంటాం? వడ్లు కొలవడం ఎక్కడ చూసింది పాపం. కూర్చోబెట్టి కొలిచి చూపించాను. కుంచం లేదుగా, వాళ్ల టేబుల్ మీది పెన్నులు పెట్టే డబ్బా, చేతి నిండా రబ్బరు బ్యాండ్లు. లాభం, రెండు, మూడు... ఆ సెంటర్లో ఉన్న నలుగురూ పని ఆపి చూశారు. ఇప్పుడు నేను వెళ్తే ఆ అమ్మాయి "రండి లాభం గారూ" అంటుంది.

దానికి తోడు ముద్రారాక్షసాలు. అచ్చుతప్పుకి ఆ పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. మిగతా పుస్తకాల్లో తప్పు పడితే నవ్వుకుని వదిలేస్తారు. నా పుస్తకంలో "నికర లాభం" కాస్తా "నికర లోభం" అయింది. మొదటి ప్రూఫులో పదకొండు చోట్ల! ఒక్క గుణింతం తేడా, మనిషి గుణమే మారిపోయింది. మూడు ప్రూఫులు చూశాను. మా ఆవిడ చూసింది. మా అబ్బాయి చూశాడు. అయినా 93వ పేజీలో ఒక లోభం కూర్చునే ఉంది. అచ్చయ్యాక కనబడింది. అది తెలిసే రాశానని చెప్పుకుంటున్నాను. మీరూ అలాగే చెప్పండి.

ఇంతకీ అచ్చాఫీసులో ఎంత ఆనందం ఉందో మీకు తెలియదు. ఒక పాత కాగితం తీసుకోండి. మూడుసార్లు మడవండి. ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. దీన్ని ఫారం అంటారు. పెన్సిల్‌తో వరసగా పేజీల నంబర్లు వేసి, మళ్లీ మడతలు విప్పండి. సగం అంకెలు తలకిందులుగా వేలాడుతుంటాయి. కంగారు పడకండి, అలాగే ఉండాలి. 1 పక్కన 16 ఉంటుంది. 8 పక్కన 9. 4 పక్కన 13. ఏ జంట కూడినా 17! ప్రెస్సాయన ఇది చూపించినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్ముతారా? ముప్ఫై ఒక్క ఏళ్లు జమా ఖర్చూ కలవడం కోసం రాత్రిళ్లు దీపం పెట్టుకు కూర్చున్నవాణ్ణి. ఇక్కడ కాగితం తనంతట తనే ట్యాలీ అవుతోంది.

అదే కాగితం నన్ను ఇరికించింది కూడా. నా పుస్తకం 164 పేజీలు తేలింది. ప్రెస్సాయన పెదవి విరిచాడు. "పది ఫారాలంటే 160. నాలుగు పేజీలు కోసెయ్యండి. లేదంటే పన్నెండు కలపండి, పదకొండు ఫారాలు చేద్దాం." కోయడమా? ఏది కోస్తాం? ముందుమాటలు కోద్దామంటే, అబ్బో, అవి ముగ్గురు పెద్దవాళ్లవి. తెలుగు పుస్తకానికి ముందుమాట తీసేయడమంటే పెళ్లిలో మేళం మాన్పించడమే. అందులో ఒకాయన నాలో కవి హృదయం ఉందని రాశారు. పంచదార ధర గురించిన పుస్తకానికి! పోనీ తరుగుదల అధ్యాయం తగ్గిద్దామా అంటే, దాని పేరే తరుగుదల, ఇంకేం తగ్గిస్తాం. చివరికి పన్నెండు పేజీలు కలిపాం. వాటిలో ఏం వేయాలో తోచక గీతలు కొట్టించి, పైన "గమనికలు" అని వేసి ఖాళీగా వదిలేశాం. ఖాళీ కాగితాలకి డబ్బులు తీసుకుంటున్నానని మా ఆవిడ నెల రోజులు దెప్పింది.

ఇహ నంబరు సంగతి. ఐఎస్‌బీఎన్ అంటారే, పుస్తకం వెనక చారల కింద ఉండే పదమూడంకెలు. మన దేశంలో దానికి పైసా తీసుకోరు. రాజా రామ్మోహన్ రాయ్ పేరు మీద ఢిల్లీలో ఒక ఏజెన్సీ ఉంది, అది ఇస్తుంది. మీ వంటింట్లోంచి ఒక బిస్కెట్ ప్యాకెట్ తెండి. చారల కింద చూడండి, మనవాళ్ల సరుకైతే సాధారణంగా 890తో మొదలవుతుంది. పుస్తకం తిప్పండి. 978! సరుకులకి దేశాల వారీగా నంబర్లిచ్చారు. పుస్తకాలకు మాత్రం అన్నిటికీ కలిపి లేని దేశం ఒకటి పుట్టించారు. దాని ముద్దు పేరు బుక్‌ల్యాండ్. దాని తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే మన భారతదేశపు పుస్తకమని గుర్తు. నాకైతే పాస్‌పోర్టు చేతికొచ్చినట్టే అనిపించింది.

ఇందులో ఇంకో తిరకాసుంది, వినండి. పదమూడో అంకె ఊరికే ఉండదు, కాపలాదారు. మొదటి అంకెని అలాగే ఉంచండి, రెండోదాన్ని మూడుతో హెచ్చించండి, మూడోది అలాగే, నాలుగోది మళ్లీ మూడుతో. 978 అంటే తొమ్మిదీ, ఇరవయ్యొకటీ, ఎనిమిదీ, ముప్ఫై ఎనిమిది. ఇలా చివరిదాకా కూడితే మొత్తం సున్నాతో ముగియాలి. ముగియలేదా, ఎవరో అంకె తప్పు కొట్టారు. బిస్కెట్ ప్యాకెట్‌కీ ఇదే లెక్క. ఆ వారం నేను అన్నం తింటూ కూడా లెక్కలే. అలమరలో పుస్తకాలన్నీ అయ్యాయి (2007కి ముందువి పదంకెలవి, వాటి పద్ధతి వేరు). సబ్బులయ్యాయి. టూత్‌పేస్టయింది. ఒక్కటీ తప్పలేదు. కొంచెం నిరాశగానే ఉంది.

ఇంకో చట్టం కూడా ఉందండోయ్. 1954 నాటిది. పుస్తకం వెలువడిన ముప్ఫై రోజుల్లోగా ప్రచురించినవాళ్లు తమ ఖర్చుతో ఒక కాపీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. మరో మూడు గ్రంథాలయాలకీ పంపాలి. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, పైగా పుస్తకం వెల. నా పుస్తకం వెల 150. మొత్తం రెండొందలు. పంపడం లాభమా, జరిమానా లాభమా అని అలవాటు కొద్దీ లెక్క వేశానా, మా ఆవిడ చూపుతోనే కాల్చేసింది. పోస్టాఫీసుకి పరిగెత్తాను. బయట బెంచీ మీద కూర్చున్న పెద్దాయన "కలకత్తాలో తెలుగు కిరాణా కొట్లున్నాయా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు!

అమ్మకం మాటా? నూటికి నలభై కమీషన్ అన్నాడు పుస్తకాల షాపాయన. పంచదార కిలో మీద రూపాయి మిగిలితే పొంగిపోయే షావుకార్ల దగ్గర పనిచేసినవాణ్ణి, కుర్చీలోంచి పడబోయాను. ఆయన చల్లగా నా పుస్తకమే తెరిచి చదివాడు: నెమ్మదిగా కదిలే సరుకు మీద మార్జిన్ ఎక్కువ వేసుకోవాలి, అయిదో అధ్యాయం. నోరు మూసుకుని నలభైకి ఒప్పుకున్నాను.

మొన్న ఉప్మా రవ్వ కోసం మన వీధి చివర కొట్టుకి వెళ్లాను. అతనికి మొదటి కాపీ నేనే ఇచ్చాను, ఉచితంగా. గల్లాపెట్టె పక్కనే, పాలపిండి డబ్బా మీద బోర్లా పడి ఉంది. అట్ట మీద నూనె వేలిముద్రలు. అబ్బ, నా ఛాతీ ఉప్పొంగింది చూడండి! చదివాడన్నమాట. వెనక నుంచి తిరగేశాను. పన్నెండు ఖాళీ పేజీలూ కిక్కిరిసిపోయాయి. మూడో నంబరు ఇంటి పాల ప్యాకెట్లు. టైలరు బాకీ. ఇంకా కిందకి, మా ఇంటి పేరు, రవ్వ అరకిలో, పోయిన మంగళవారంది. ముందు పేజీలు మాత్రం కొత్త పెళ్లికూతురి పట్టుచీరలా మడత నలగలేదు.

నేను అడిగేలోపే అతనే అందుకున్నాడు. "బాబాయ్, ఇంకో కాపీ ఉంటే పెట్టు. పేజీలు అయిపోయాయి."