హూ, హూమ్, మధ్యలో మా నాన్న

యూనియన్ వారి వార్షిక సంచికకి పాత విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని సంపాదకవర్గం తరఫున ఒక కుర్రాడు ఇంటికొచ్చి మరీ అడిగాడు. "ఏ విషయమైనా ఫరవాలేదు సార్, రెండు పేజీలు చాలు" అన్నాడు. ఏ విషయమైనా ఫరవాలేదన్నప్పుడే అసలు చిక్కు. నాకు రాజకీయాలు తెలియవు. కవిత్వం అచ్చిరాదు. నలభై ఏళ్ళకి పైగా నన్ను వెంటాడుతున్న ఒక చిన్న ఇంగ్లీషు మాట సంగతి మాత్రం బాగా తెలుసు. ఆ మాట 'టు'. అది రాయకపోవడం వల్ల మా నాన్నని ఒక పూటంతా అప్పులవాణ్ణి చేశాను.

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. చెరుకు, బెల్లం తప్ప వేరే లోకం తెలియని ఊరు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, 1979లో ఎం.ఏ. ఎకనామిక్సులో చేరాను. ఆ ఏడాదే నూతికి ఆయిల్ ఇంజను తెప్పిస్తానని ఒకాయన మా నాన్న దగ్గర ఎనిమిది వందల రూపాయలు బయానా పుచ్చుకున్నాడు. ఇంజనూ రాలేదు, మనిషీ రాలేదు. ఆరు నెలలు చూసి నాన్న నాకు కబురు పెట్టాడు. "ఒరే, ఇంగిలీసులో అర్జీ రాసి పట్టుకురా. తెలుగులో రాస్తే ఎవడూ చూడ్డు" అన్నాడు. రాష్ట్రంలో తెలుగుని అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది 1966లోనే. కాని ఆ చట్టం మా నాన్నకి తెలియదు. తెలిసినా నమ్మేవాడు కాదేమో.

హాస్టల్ గదిలో రాత్రి పన్నెండు దాకా కూర్చుని రాశాను. నా మనసులో ఉన్న తెలుగు వాక్యం ఇది: 'మా నాన్న ఎనిమిది వందలిచ్చిన మనిషి ఆరు నెలలుగా మా ఊరు రావడం లేదు.' తెలుగు వాక్యాన్ని వెనకనుంచి ముందుకి చదివితే ఇంగ్లీషవుతుందని మా హైస్కూల్లో చెప్పిన చిట్కా ఒకటుంది. చాలాచోట్ల పనిచేస్తుంది కూడా. ఆ ప్రకారం మనిషి అంటే 'ది మ్యాన్', ఇచ్చిన అంటే 'హూ గేవ్', తరవాత మా నాన్న, ఆ తరవాత ఎనిమిది వందలు. కలిపితే 'ది మ్యాన్ హూ గేవ్ మై ఫాదర్ ఎయిట్ హండ్రెడ్ రుపీస్'. చూడ్డానికి చక్కగా ఉంది. రూమ్మేటు కూడా చదివి బాగుందన్నాడు. వాడిదీ తెలుగు మీడియమే!

మర్నాడు నాన్నా నేనూ ఆఫీసుకెళ్ళాం. ఏ ఆఫీసో ఇప్పుడెందుకు లెండి. గుమస్తా కళ్ళజోడు సవరించుకుని కాగితం రెండుసార్లు చదివాడు.

"వాడు మీకు ఎనిమిది వందలిచ్చాడు. ఇచ్చి ఆర్నెల్లుగా మీ ఊరు రావడం మానేశాడు. అయితే మీకొచ్చిన కష్టమేమిటయ్యా? సంతోషించాలి గాని!"

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. నాన్న తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు గాని నవ్వు అర్థమవుతుంది గదా. "కాదు బాబూ, నేనే ఇచ్చాను" అన్నాడు. "మరి మీ అబ్బాయి అలా రాయలేదే! షావుకార్లు రైతులకిస్తారు గాని, రైతు ఒకడికివ్వడం నేనెక్కడా చూళ్ళేదు" అన్నాడు గుమస్తా. ఆయన తప్పు కూడా లేదు. మా వైపు బెల్లం వండే రైతు ఎప్పుడూ అప్పులోనే ఉంటాడు. లోకరీతికి నా తప్పు వాక్యమే సరిగ్గా సరిపోయింది. కాగితం వెనక్కి ఇచ్చేశారు.

బస్సులో నాన్న ఒక్క మాటే అన్నాడు. "ఏటి రాసావురా?" నేను జవాబు చెప్పలేదు. ఏం రాశానో నాకూ తెలిస్తే గదా!

హాస్టలుకి తిరిగొచ్చి, ఆ కాగితం పట్టుకుని ఇంగ్లీషు డిపార్టుమెంటులో ఒక మేష్టారి దగ్గరికెళ్ళాను. కోప్పడతారనుకున్నాను. ఆయన చదివి, "తప్పు నీది కాదోయ్, మీ తెలుగుది" అన్నారు. 'మన తెలుగుది' అనలేదు. ఆయనది తమిళం. తరవాత నవ్వి, "మా తమిళానిదీ అంతే" అని కూర్చోబెట్టారు.

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. తెలుగులో 'ఇచ్చిన', 'మాట్లాడిన', 'తీసుకున్న' అనే మాటలు వెనకొచ్చే మనిషికుండాల్సిన విభక్తిని మింగేస్తాయి. 'నేను మాట్లాడిన మనిషి' అంటే అతనితో మాట్లాడాననా, అతని గురించి మాట్లాడాననా? ఆ 'తో' ఏమైంది, ఆ 'గురించి' ఏమైంది? 'నేను పెన్ను తీసుకున్న కుర్రాడు' అన్నప్పుడు 'దగ్గర' ఎటు పోయింది? వినేవాడు సందర్భం చూసి పూరించుకుంటాడు. 'మా నాన్నకి డబ్బిచ్చిన మనిషి' అంటే ఒక అర్థం, 'మా నాన్న డబ్బిచ్చిన మనిషి' అంటే దానికి సరిగ్గా ఎదురర్థం. నాన్న పక్కన 'కి' ఉందా లేదా అన్నదే మనకి గుర్తు. ఇంగ్లీషువాడు అలా కాదు. మింగడు. ఎవరికిచ్చాడో ఆ మనిషికే 'టు' తగిలించి తీరతాడు. 'ది మ్యాన్ టు హూమ్ మై ఫాదర్ గేవ్ ద మనీ'. అలాగే తో అంటే 'విత్ హూమ్', దగ్గర్నుంచి అంటే 'ఫ్రమ్ హూమ్', గురించి అంటే 'అబౌట్ హూమ్'.

మన భాషకి ఆ శక్తి అసలే లేదని కాదు. 'ఎవరికైతే ఇచ్చాడో ఆ మనిషి' అనొచ్చు. కాని అలా మాట్లాడితే ఊళ్ళో అర్జీ చదువుతున్నట్టుంటుంది. మనం సాధారణంగా వాక్యాన్నే తిప్పేస్తాం. 'నేను ఎవరితో సినిమాకెళ్ళానో ఆ స్నేహితుడు' అనం, 'నాతో సినిమాకొచ్చిన స్నేహితుడు' అంటాం. నాన్న కూడా 'నా దగ్గర డబ్బు పుచ్చుకున్నోడు' అనే అనేవాడు. నేను ఆయన మాటే అనువాదం చేసి ఉంటే, 'హూ టుక్ మనీ ఫ్రమ్ మై ఫాదర్' అని, ఏ గొడవా లేకపోయేది. చదువుకున్న తెలుగు రాయబోయి చిక్కులో పడ్డాను.

ఇక రెండో చిక్కు. ఆ 'టు' ముందుండాలా, చివరుండాలా? 'ది మ్యాన్ టు హూమ్ ఐ స్పోక్' అనాలా, 'ది మ్యాన్ ఐ స్పోక్ టు' అనాలా? చివర పెడితే మా హైస్కూల్లో ఎర్ర సిరా పడేది. మేష్టారు నవ్వి డ్రైడెన్ కథ చెప్పారు. 1672లో ఆ మహాకవి బెన్ జాన్సన్ నాటకాల్లో తప్పులెంచుతూ, ప్రిపొజిషన్ని వాక్యం చివర వదిలెయ్యడం కూడా ఒక తప్పని రాశాడు. తన రాతల్లోనూ అదే ఉందని ఒప్పుకుని, నాటకకవిత్వం మీద 1668లో అచ్చయిన తన వ్యాసాన్ని 1684లో మళ్ళీ వేసినప్పుడు కూర్చుని దిద్దుకున్నాడు. ఇంగ్లీషు వాక్యం మీద అనుమానం వస్తే లాటిన్‌లోకి మార్చి చూసుకునేవాణ్ణని కూడా ఆయనే చెప్పుకున్నాడు. అది విని నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. అంతటివాడు లాటిన్ నుంచి, నేను తెలుగు నుంచి!

తరవాత 1762లో లౌత్ అనే ఆయన వ్యాకరణం రాసి, చివర పెట్టడం మాట్లాడే భాషకి సరిపోతుంది, ముందు పెట్టడం గంభీరంగా రాసేచోట శోభిస్తుంది అన్నాడు. తమాషా ఏమిటంటే, ఆ సంగతి చెప్పిన వాక్యంలోనే ఆయన 'టు'ని చివర వదిలాడు. 1926లో ఫౌలర్ అయితే ఇదంతా వట్టి మూఢనమ్మకమని తేల్చేశాడు. తేలనిదల్లా మా హైస్కూలు ఎర్ర సిరాయే.

అయితే రెండు సంగతుల్లో మాత్రం బేరం లేదన్నారు మేష్టారు. ప్రిపొజిషన్ ముందొస్తే దాని పక్కన 'హూ' నిలబడదు, 'హూమ్' కావలసిందే. 'దట్' అసలే కుదరదు. 'టు దట్ ఐ స్పోక్' అని ఏ ఇంగ్లీషువాడూ అనడు. ప్రిపొజిషన్ చివరికి పోతే అప్పుడు 'హూ' అన్నా, 'దట్' అన్నా, ఏమీ అనకపోయినా నడుస్తుంది.

కొత్తగా నేర్చిన విద్య ఊరుకోనిస్తుందా? మూడు నెలలు హాస్టల్లో నా నోట 'హూమ్' తప్ప వేరే మాట లేదు. "హూమ్ ఈజ్ దేర్?" అని తలుపు వెనకనుంచి అరిచేవాణ్ణి. 'ది లీడర్ హూమ్ ఐ థింక్ ఈజ్ ఆనెస్ట్' అని పరీక్షలో రాసి మార్కు పోగొట్టుకున్నాను. అక్కడ ఆనెస్టుగా ఉండేది ఆ లీడరే గనక 'హూ' అనాలిట. ఎక్కువ తెలిస్తే వచ్చే తప్పు ఇది. యూనియన్ ఎన్నికల్లో ఒక అభ్యర్థి మెస్సులో బల్ల మీదకెక్కి "ది స్టూడెంట్స్ ఫర్ హూమ్ ఐ ఫైట్ ఫర్" అన్నాడు. వెనకనుంచి నేను, "అన్నా, ఒక ఫర్ మాకొదిలెయ్" అన్నాను. అందరూ నవ్వారు. అతను దిగి వెళ్ళిపోయాడు. అతనూ మా వైపు పల్లెటూరి వాడే. ఆఫీసులో నాన్న తలపాగా పట్టుకుని నిలబడ్డ తీరు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి అతని గదికెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. ఎన్నికల్లో అతనే గెలిచాడు. నా ఓటూ అతనికే.

అర్జీ మళ్ళీ రాశాను. 'ది పర్సన్ టు హూమ్ మై ఫాదర్ పెయిడ్' అని మేష్టారు చూసి సరే అన్నాక పట్టుకెళ్ళాను. ఈసారి గుమస్తా ఏమీ అనకుండా ముద్ర వేశాడు. సంక్రాంతి వెళ్ళాక ఆ ఇంజను ఆయన ఊళ్ళోకొచ్చి, మూడు విడతలుగా ఐదు వందలు కక్కాడు. మిగతా మూడు వందలు ఇప్పటికీ రాలేదు.

నాన్న ఊళ్ళో అందరికీ ఈ కథ తన పద్ధతిలో చెప్పుకునేవాడు. "మావోడు నన్ను ఇంగిలీసులో అప్పులోణ్ణి సేసి, మళ్ళీ ఇంగిలీసులోనే తీర్సీసాడు" అని. ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "ఒరే, ఆ రెండో కాయితంలో కొత్తగా ఏటి సేర్సావురా?"

"ఒక్క 'కి' నాన్నా."

ఆయన కాసేపు ఆలోచించి, "మూడొందల రూపాయిల 'కి' అన్నమాట" అని బీడీ వెలిగించుకున్నాడు.