నేల తగాదా

మా వనపర్తి ఇంట్లో ఒక గదికి వేయించిన నేలమీద వ్యాసం రాస్తానంటే మిత్రులు నవ్వారు. విమర్శ వ్యాసాలు వేసే పత్రికకు నేల ఉబ్బిన సంగతి ఎందుకన్నారు. ఎందుకో చదివాక వారే చెప్తారు. ముందు నేల సంగతి చెప్పాలి, తగాదాలో న్యాయం ఎటున్నదో ఆ నేల అడుగునే ఉంది కనుక.

మా వైపు ఇంటికి నేల అంటే బండలే. షాబాదు బండ, లేదా తాండూరు బండ. భూమిలోంచి వచ్చినవి కాబట్టి భూమి తడితో వాటికి పేచీ లేదు. ఎండాకాలం రాత్రులు నీళ్లు చల్లుకుని వాటిమీదే పడుకుని పెరిగాం. 2023లో మా అమ్మాయి పెండ్లి కుదిరింది. పట్నంలో చదివిన పిల్ల, ఒక్క గదికైనా చెక్క నేల కావాలన్నది. కింది గదిలో బండలు పీకించి, 2 అంగుళాల కాంక్రీటు పోయించి, దానిమీద లామినేట్ పలకలు పరిపించాను. 12 అడుగులకు 14 అడుగుల గది. ఖర్చు 22 వేల చిల్లర. దుకాణం పట్నంలోది. పరచడానికి దుకాణం సేటు పంపిన కుర్రవాడు గద్వాలవాడు.

దీన్ని చెక్క అనుకోవడం మన మధ్యతరగతి భ్రమ. కొయ్యను నార చేసి, జిగురు కలిపి, గట్టిగా అదిమిన పలక అది. దానిమీద కొయ్య ఫొటో, ఫొటోమీద మెలమైన్ పొర. 1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ కనిపెట్టింది. (టేకు కొనలేనివాడికి టేకు ఫొటో ఇస్తారన్నమాట అన్నాడొక మిత్రుడు. బాగానే అన్నాడు.) పైపొర ఎంత గట్టిదో అంచులూ అడుగూ అంత బలహీనం. తడి తగిలితే లోపలి నార పీల్చుకుని ఉబ్బుతుంది. ఆరినా మళ్లీ మామూలుగా కాదు.

పెండ్లయిన మూడో వారానికి అతుకుల దగ్గర అంచులు లేచాయి. కాలికి తగులుతున్నాయి. సేటుకు ఫోను చేశాను. ఫొటోలు పంపమన్నాడు, పంపాను. అరగంటలో తీర్పు వచ్చింది: "మీ పనిమనిషి నీళ్లు పోసి తుడిచింది సార్. నీళ్లతో పాడైతే గ్యారంటీ లేదు, కార్డు చూసుకోండి." చూశాను. నిజమే, ఉంది.

ఇక్కడ నేను చేసింది దాచకుండా చెప్పాలి. ముప్ఫై ఏళ్లు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి. అదనపు విలువ ఎలా పుడుతుందో నల్లబల్లమీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఫోను పెట్టేసి నేరుగా వెళ్లి ఆమెను నిలబెట్టి అడిగాను. నాగర్‌కర్నూలు వైపు పల్లెనుంచి వచ్చి మా వీధి వెనక ఉంటున్న మనిషి. నాలుగేళ్లుగా మా ఇంట్లో చేస్తున్నది.

"గుడ్డ పిండి తుడిచిన సారూ. బకెట్టు ఆ అర్రల పెట్టనే లే."

నమ్మలేదు. ఆ నెల జీతంలో 300 కోసుకున్నాను. ఆమె మారు మాట్లాడలేదు. వాకిలి దాటుతూ మాత్రం ఒక మాటంది: "మంచం కింద నేనెన్నడు తుడిచిన సారూ? ఆడ గూడ లేసింది గద."

ఆ రాత్రి టార్చి పట్టుకుని మంచం కిందికి దూరాను. లేచింది. బీరువా పక్కనా, గుడ్డ ఎన్నడూ చేరని మూలనా అంతే. పైనుంచి పోసిన నీరు అక్కడికి ఎలా పోతుంది? కొన్ని కథల్లో పనిమనుషుల పక్షాన నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నవాణ్ణి, నా ఇంట్లో నేర విచారణకు మంచం కిందికి వంగి చూడాలని నాకు తోచలేదు.

మర్నాడు గద్వాల కుర్రవాణ్ణి పిలిపించాను. అతను రెండు పలకలు ఊడదీశాడు. అడుగంతా నల్లబడి ముక్కవాసన. కాంక్రీటుమీద పలుచని ఫోమ్ ఒక్కటే ఉంది. తడిని ఆపే ప్లాస్టిక్ షీటు లేదు. బిల్లులో మాత్రం షీటుకు డబ్బు పడింది. "సేటు ఫోమ్ ఒక్కటే పంపిండు సారూ" అన్నాడు. తర్వాత బోడి కాంక్రీటుమీద మూరెడు పాలిథిన్ ముక్క పరచి, నాలుగు అంచులకూ టేపు అతికించి పొమ్మన్నాడు. తెల్లారి చూస్తే పాలిథిన్ లోపలివైపు చెమట పట్టినట్లు నీటిబొట్లు. అంగుళం మందం కాంక్రీటు ఆరడానికి సుమారు నెల పడుతుందని ఈ పనివాళ్లు లెక్క. మాది 2 అంగుళాలు. పోసిన పదో రోజున పలకలు పరిపించాను.

"నేలింకా పచ్చిగున్నదని ఆనాడే చెప్పిన గద సారూ. పెండ్లున్నది, కానియ్యమంటిరి."

చెప్పాడు. నేను మరిచాను. మరవడం కూడా మా తరగతి సౌకర్యాల్లో ఒకటి.

సేటు ఈలోగా ఆ కుర్రవాడి కూలి 3,000 ఆపేశాడు. పరచడంలో తప్పు ఉంటుందని ముందుజాగ్రత్తట. కుర్రవాడికి ఇది కొత్త కాదు. వాళ్ల నాన్న గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊళ్లు పట్టిపోయిన పాలమూరు కూలీ. పని చెడితే కోత కూలీకే అని ఇంట్లోనే నేర్చుకున్నాడు. వాళ్లమ్మ పుట్టిల్లు మగ్గాల ఇల్లు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే చోట పోగు తప్పితే ఆ నష్టమూ నేసినవాడి కూలిలోంచే పోతుందన్నాడు. నూలు నాసిదైతేనో అని అడిగాను. నవ్వాడు.

నాకు చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20నుంచి అమలులో ఉంది. రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు; సరుకు విలువ 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. మంచి చట్టమే. కాని అది కొన్నవాడి చట్టం. నేల పరచి కూలి పోగొట్టుకున్నవాడు, తుడిచి జీతం పోగొట్టుకున్నది, ఆ గడప ఎక్కలేరు. అంచేత సేటుకు నోటీసు రాసేటప్పుడు బిల్లు నకలు, ఫొటోలు జతచేసి, కుర్రవాడి 3,000 కూడా ఇస్తేనే రాజీ అని రాశాను. తొందరపెట్టింది నేనే గనుక కొత్త పలకల్లో సగం ధర నేనే పెట్టుకుంటాననీ రాశాను. వకీలు మిత్రుడు తల కొట్టుకున్నాడు, నోటీసులో తన తప్పు ఎవడైనా రాసుకుంటాడా అని.

సేటు నెలరోజులు నానబెట్టి ఒప్పుకున్నాడు. షీటు పంపాడు, నేల పూర్తిగా ఆరాక కుర్రవాడే మళ్లీ పరిచాడు. రెండోసారి కూలి ఉచితంగా చేయించుకోమని సేటు సలహా. నేనే ఇచ్చాను.

ఆమెకు 300 తిరిగి ఇచ్చాను. తప్పు నాదన్నాను. లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. ఇల్లంతా ఎప్పటిలాగే తుడుస్తుంది. ఆ గది మాత్రం గడప దగ్గర ఆగిపోతుంది. అది మా ఆవిడ తుడుస్తోంది, అప్పుడప్పుడు నేను.